డాక్టరమ్మ వాటా

హైమావతి లావెక్కింది పురుళ్ళ వల్ల. తన పురుళ్ళు కావు, తను కన్నది ఒక్క కూతుర్నే. ఆమెను లావెక్కించింది ఊళ్ళోవాళ్ళ పురుళ్ళు.

నరసరావుపేటలో వినుకొండ రోడ్డు మీదున్న ప్రసూతి ఆస్పత్రిలో ఆమె లేబర్ రూం సిస్టరు. ఆ ఆస్పత్రికి వచ్చే జనానికి ఒక పట్టింపుంది. బిడ్డను చేతుల్లోకి పట్టినవాళ్ళ నోరు తీపి చెయ్యకుండా ఇంటివాళ్ళు పలుకు కూడా నోట్లో వేసుకోరు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ క్రోసూరు వాళ్ళయినా, నకరికల్లు వాళ్ళయినా, బిడ్డ కేరుమన్న పావుగంటలో స్వీట్ల డబ్బాతో లేబర్ రూం గుమ్మం దగ్గర నిలబడతారు. ఎవరి చేతనో ఇచ్చి పంపితే చెల్లదు. నాయనమ్మో అమ్మమ్మో తన చేత్తో తుంచి సిస్టరు నోట్లో పెట్టాలి. తుంచడమంటే మాట వరసకే. మిరప కళ్ళాల్లో బస్తాలు కుక్కిన చేతులవి. చిన్న ముక్కంటే ఏమిటో వాటికి తెలియదు.

పంతొమ్మిదేళ్ళ కిందట ఉద్యోగంలో చేరినప్పుడు హైమావతి యాభై రెండు కిలోలు. ఇప్పుడు ఎనభై రెండు. ఆ ముప్పై కిలోలూ ఎక్కడెక్కడివో ఆయా బసవమ్మ వేలు పెట్టి చూపించగలదు. "ఈ బుగ్గ ఎడ్లపాడు సున్నుండలది. ఈ నడుము మాచర్ల కోవాది. ఈ కిందంతా ఏ ఊరిదో చెప్పలేం, ఉమ్మడి ఆస్తి" అంటుంది.

హైమావతి నవ్వేసేది. జనవరిలో ఒకరోజు దాకా నవ్వుతూనే ఉంది.

ఆ రోజు ఒక బాలింతకు రక్తస్రావం ఆగలేదు. రక్తం సంచీ కింద ల్యాబులో ఉంది, మనిషి రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు ఎక్కడో మధ్యలో ఇరుక్కుంది. హైమావతి కిందికి పరిగెత్తి, సంచీ చంకలో పెట్టుకుని నలభై నాలుగు మెట్లూ ఎక్కింది. సమయానికి రక్తం ఎక్కింది, బాలింత గట్టెక్కింది. గట్టెక్కనిది హైమావతి. గోడకు చేతులానించి, నోరు తెరుచుకుని, చేపలాగా ఎగపోస్తూ నేలమీద కూలబడింది. చేతులు కడుక్కుని బయటికొచ్చిన డాక్టర్ వాసంతి ఆ దృశ్యాన్ని చూసింది. మర్నాడు గదిలోకి పిలిచింది.

"ఏప్రిల్ ఒకటి నుంచి లేబర్ రూం మూడో అంతస్తుకు మారుతోంది. ల్యాబు కిందే ఉంటుంది. లిఫ్టు సంగతి నీకు తెలుసు. నిన్న నువ్వు పైకి రావడానికి ఇంకో నిమిషం పట్టి ఉంటే?"

హైమావతి తలుపు వైపు, లిఫ్టున్న దిక్కుకు చూసింది.

"మార్చి ముప్పై ఒకటికి ఆరు కిలోలు తగ్గు. డెబ్భై ఆరు చూపించు. చూపిస్తే పైకొస్తావు. లేదంటే ఓపీలో టోకెన్ల బల్ల. కుర్చీ, ఫ్యాను, ఆదివారం సెలవు, జీతం ఇదే."

ఇంకెవరైనా అయితే దండం పెట్టి ఆ కుర్చీలో కూర్చునేవాళ్ళు. హైమావతికి మాత్రం ఆ కుర్చీ అక్కర్లేదు. బిడ్డ తల కనబడ్డాక, ఏడుపు వినబడే ముందు, గదిలో అందరూ ఊపిరి బిగబట్టే అర నిమిషం ఒకటుంటుంది. ఆ అర నిమిషం కోసమే ఆమె పొద్దున్నే లేస్తుంది. టోకెన్ల బల్ల దగ్గర ఏముంటుంది? అంకెలుంటాయి.

"అక్కడైతే నీకు స్వీట్లు పెట్టేవాళ్ళు కూడా ఉండరు. నెల తిరిగేసరికి నాజూగ్గా తయారవుతావు" అని డాక్టరమ్మ కాస్త నవ్వింది కూడా.

ఆ సాయంత్రమే ఇంట్లో డైటు మొదలైంది. గుంటూరు హాస్టల్లో ఉన్న కూతురు ఫోన్లో ఒక పట్టిక పంపింది. హైమావతి భర్త అమరేశ్వరరావు పొలం మోటార్లకు వైండింగు చేసే షాపు నడుపుతాడు. ఎంత కాలిపోయిన మోటారైనా విప్పి చూడనిదే వదలని మనిషి. కళ్ళజోడు పెట్టుకుని ఆ పట్టికను కూడా అట్లాగే విప్పాడు.

"ఏమే, ఈ క్వినోవా ఏందే? పేరు వింటే కోళ్ళ రోగంలాగుంది."

"అదో గింజంట."

"మన పేటలో దొరికిద్దా?"

"దొరకదు. జొన్నరొట్టె తింటా."

"మా నాయనమ్మ జన్మంతా జొన్నరొట్టే తినింది. ఆమె కూడా నీ అంతే ఉండేది."

"మీ నాయనమ్మ సంగతి నాకెందుకు చెప్తావయ్యా ఇప్పుడు?"

"ఊరికే. ధైర్యంగా ఉంటదని."

రెండు జొన్నరొట్టెలు, కీరదోస ముక్కలు, ఉడికించిన ఉలవలు, ఒక సీసాలో పల్చటి మజ్జిగ. పొద్దున్నే డబ్బా సర్దుకుని డ్యూటీకి పోయేది. ఎనిమిదింటి నుంచి రాత్రి ఎనిమిదింటి దాకా డ్యూటీ. ఒంటిగంటకు డబ్బా మూత తీసేది. మూత తీసిన చప్పుడు లోపల నొప్పులు పడుతున్నవాళ్ళకు ఎట్లా వినబడేదో, సరిగ్గా అప్పుడే "సిస్టరమ్మా" అని కేక వచ్చేది. మూత పెట్టేది. నాలుగింటికి మళ్ళీ తీసేసరికి రొట్టె అట్టముక్కయి ఉండేది. అది నమిలే ఓపిక దవడలకు ఉండేది కాదు. అయిదింటికి బసవమ్మ కొంగు చాటున మిరపకాయ బజ్జీల పొట్లంతో వచ్చేది.

హైమావతి డైటు ఉదయం ఎనిమిదింటికి డ్యూటీ ఎక్కి, సాయంత్రం అయిదింటికి దిగిపోయేది. హైమావతి మాత్రం ఎనిమిది దాకా ఉండాలి. ఆ మూడు గంటలే కొంప ముంచేవి.

బజ్జీల సంగతి తర్వాత చూడొచ్చు, ముందు తీపి మానేద్దామనుకుంది. అనుకున్న నాలుగో రోజే ఆస్పత్రి అట్టుడికిపోయింది.

నకరికల్లు నుంచి వచ్చినమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. మూడు కిలోల వంద గ్రాములు, నల్లటి జుట్టు, గట్టి గొంతు. నాయనమ్మ సుబ్బరత్నమ్మ మైసూరుపాకు డబ్బాతో గుమ్మంలోకి వచ్చింది. వెనక తాత కోటేశ్వరరావు. ఊళ్ళో ఏ ఎన్నికలొచ్చినా ఓటర్ల లిస్టు చొక్కా జేబులో పెట్టుకు తిరిగే మనిషి. ఆయన వెనక పదిమంది.

"నోరు తెరువమ్మా."

"వద్దు పెద్దమ్మా, నేను తినను."

సుబ్బరత్నమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "తినవా? ఎందుకు తినవు?"

"ఊరికే. మానేశానండీ."

"శ్రావణమాసంలో మా తోడికోడలి మనవడు పుడితే ఇదే గుమ్మంలో రెండు తిన్నావు. నేను చూశా. మొగపిల్లోడైతే రెండు తింటావు, ఆడపిల్లయ్యేసరికి మానేశావా?"

"అయ్యో, అదేం మాట? నాకున్నదీ ఆడపిల్లే."

సుబ్బరత్నమ్మ ముఖంలో కోపం పోయి భయం వచ్చింది. అదింకా ప్రమాదం. "అయితే పిల్లకేమన్నా అయిందా? దాస్తన్నారా మా దగ్గర?"

ఆ మాట వెనక్కి నడిచింది. పదో మనిషి దగ్గరికి పోయేసరికి "ఏదో అయిందంట" అయింది. మెట్ల దగ్గర "పిల్ల ఏడవలేదంట" అయింది. కింద టోకెన్ల బల్ల దగ్గర ఏమైందో చెప్పుకోకపోవడమే మంచిది. కోటేశ్వరరావు ఫోను తీశాడు. ముందు మాజీ సర్పంచికి చేశాడు, ఆ తర్వాత ఇప్పటి సర్పంచికి. ఇద్దరికీ మాటల్లేవు, అయినా ఇద్దరూ బయల్దేరుతున్నామన్నారు.

డాక్టర్ వాసంతి పరుగున వచ్చింది. "పిల్ల నిక్షేపంగా ఉందమ్మా. నేనే చూశాగా."

"నిక్షేపంగా ఉంటే ఈమె ఎందుకు తినటల్లే?"

డాక్టరమ్మ హైమావతి వైపు చూసింది. హైమావతి డాక్టరమ్మ వైపు చూసింది. ఆరు కిలోలు తగ్గమని శిక్ష వేసిన నోరే మెల్లిగా తెరుచుకుంది. "తిను హైమా."

తిన్నది. మైసూరుపాకు నేతితో తొణికిసలాడుతోంది. నాలుగు రోజుల ఉపవాసపు నాలిక మీద అది ఎట్లా కరిగిందో ఆమెకే తెలుసు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పిల్ల పుట్టిన సంతోషమనుకుని సుబ్బరత్నమ్మ కూడా కళ్ళు ఒత్తుకుంది.

"మీరూ తినండమ్మా" అని డాక్టరమ్మ వైపు తిరిగింది.

డాక్టర్ వాసంతి ఎప్పుడూ అనే మాటే అన్నది. "నాది కూడా మా హైమకే పెట్టండి. పట్టింది తనేగా!" నవ్వి, వెళ్ళిపోయింది.

రెండో ముక్క. హైమావతి నోరు ఇంకా మొదటి ముక్క పనిలోనే ఉంది. లోపల నుంచి పిల్ల ఏడుపు అందుకుంది. వరండా అంతా ఊపిరి వదిలింది. కోటేశ్వరరావు ఇద్దరు సర్పంచులకూ మళ్ళీ ఫోను చేసి, "రావాల్సిన పన్లేదులే, సిస్టరు తినింది" అని చెప్పాడు.

"ఒక ముక్క కోసం ఇంత గొడవ" అంటూ సాయంత్రం నర్సుల గదిలో హైమావతి కాళ్ళు చాపుకుంది.

"ఒకటి కాదు సిస్టర్, రెండు" అన్నది నిఖిత. గురజాల పిల్ల, ఇరవై నాలుగేళ్ళు, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. నర్సు పనంతా హైమావతి దగ్గరే నేర్చుకుంది. అదే ఇప్పుడు చిక్కయింది. "మధ్యాహ్నం క్రోసూరు వాళ్ళ జిలేబీ ఉంది. బజ్జీలు మూడు."

"బజ్జీలు రెండే."

"సిస్టర్, మీరే కదా నాకు నేర్పింది, చార్టులో రాయనిది చెయ్యనట్టే అని? మీరు తిన్నది ఎక్కడా రాయట్లేదు. అందుకని తిననట్టే అనుకుంటున్నారు."

రోగి నోట్లోకి పోయే ప్రతి గుక్కనూ టైముతో సహా రాసే కాగితం ఒకటుంటుంది. నిఖిత అలాంటి కాగితమే ఒకటి తీసి అట్టకు తగిలించింది. ఆస్పత్రిలో ఇరవై మంచాలున్నాయి. కాగితం పైన "21" అని వేసి, పేరు దగ్గర హైమావతి, వయసు దగ్గర నలభై నాలుగు, జబ్బు దగ్గర "ఆకలి" అని రాసింది.

"నీ వేళాకోళం తగలెయ్యా. ఇటియ్యి, నేనే రాసుకుంటా."

"రోగి చార్టు రోగే రాసుకోవచ్చా? అదీ మీరు చెప్పిందే."

నేర్పిన పాఠం ఎదురు తిరిగితే గురువు ఏం చేస్తాడు? చార్టు మిగతా ఇరవైతో పాటు కొక్కేనికి ఎక్కింది. ఆ రాత్రి ఎనిమిదింటికి డ్యూటీ మారేటప్పుడు, నైటు సిస్టరు ఉషకు నిఖిత ఒక్కో మంచం సంగతీ అప్పజెప్తూ వచ్చి, ఇరవైతో ఆపలేదు.

"ఇరవై ఒకటో నంబరు. ఉదయం మైసూరుపాకు రెండు, మధ్యాహ్నం జిలేబీ ఒకటి, సాయంత్రం బజ్జీలు మూడు, పేషెంటు రెండంటోంది. బీపీ నార్మల్. మూడీగా ఉంది."

"ఏమన్నా ఇచ్చారా?" అని ఉష గంభీరంగా అడిగింది.

"మజ్జిగ ఇచ్చాం. పారబోసింది."

హైమావతి హ్యాండుబ్యాగు భుజాన వేసుకుని, వాళ్ళిద్దరి వైపూ చూడకుండా బయటికి నడిచింది. మెట్లు దిగుతూ మాత్రం ఆమెకూ నవ్వాగలేదు.

చార్టు మహిమో ఏమో, వారం తిరిగేసరికి పద్ధతి కుదిరింది. బజ్జీల పొట్లం లోపలికి రాకుండా నిఖిత గేటు దగ్గరే బసవమ్మ కొంగు తనిఖీ చేసేది. ఒంటిగంటకు డబ్బా మూత తీస్తే, కేక ఎవరు పెట్టినా పావుగంట నిఖితే చూసుకునేది. రొట్టె మెత్తగా ఉన్నప్పుడే లోపలికి పోయేది. ఇక తీపికి హైమావతి ఒక దారి కనిపెట్టింది. గుమ్మంలోకి డబ్బా రాగానే చేతులు జోడించి, "అమ్మా, డాక్టరమ్మ ఒళ్ళు తగ్గమన్నారు. బిడ్డ పేరు చెప్పి చిటికెడు పెట్టండి చాలు" అనేది. జనం మంచివాళ్ళు. చిటికెడే పెట్టేవాళ్ళు. కాకపోతే పెట్టేదాంట్లో ఎవరి తెలివి వాళ్ళది.

"ఇది పంచదార కాదమ్మా, బెల్లం. బెల్లానికి ఒళ్ళు రాదు" అన్నది క్రోసూరావిడ.

"నెయ్యి కూడా మా గేదెదే. కొన్న నెయ్యికే ఒళ్ళొచ్చిద్ది" అన్నది ఇంకొకావిడ.

చిటికెడుతో అయిపోతే బాగుండేది. తర్వాత ఆ చెయ్యి డాక్టరమ్మ వైపు తిరిగేది. డాక్టరమ్మ "నాది మా హైమకు పెట్టండి" అనేది. ఆ వాటా ఇటు తిరిగేది.

"అది కూడా చిటికెడే పెట్టండమ్మా."

"నీదైతే చిటికెడు చాల్లే గానీ, డాక్టరమ్మది చిటికెడు పెడితే ఏం బాగుంటది? కోత పడకుండా కాన్పు చేసిన మహాతల్లి! ఆమెకు నిండుగా పెట్టాల." అని నిండుగా, లడ్డూకు లడ్డూ, హైమావతి నోట్లో పెట్టేవాళ్ళు.

నిఖిత అన్నీ రాసేది. "11.20, పూతరేకు, చిటికెడు. 11.21, పూతరేకు, నిండుది, డా.వా." డాక్టరమ్మ వాటా అని అన్నిసార్లు రాయలేక అట్లా కుదించింది.

శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకు పోయినప్పుడు చార్టు లేదు, నిఖిత లేదు, బసవమ్మ కూడా లేదు. పగలంతా ఉపవాసం ఉంది. మర్నాడు పొద్దున కొండ దిగాక అమరేశ్వరరావు వేడివేడి అరిసెలు పొట్లం కట్టించాడు.

"తిను, ఎవరు చూడొచ్చారు? మీ నిఖిత ఉందా ఏంది ఇక్కడ?"

తిన్నది. ఎవరూ చూడలేదు. మర్నాడు డ్యూటీకి వచ్చి కోటు వేసుకుంటుంటే, కొక్కేనికి వేలాడుతున్న కాగితంలో ముందురోజు గడి ఖాళీగా కనిపించింది. పంతొమ్మిదేళ్ళలో ఆమె రాసిన చార్టుల్లో ఏ రోగి గడీ ఖాళీగా లేదు, ఏ గడిలోనూ అబద్ధం లేదు. కాసేపు అటూ ఇటూ చూసింది. పెన్ను తీసి తన చేత్తోనే "అరిసెలు మూడు" అని రాసింది. రెండడుగులు పోయి వెనక్కి వచ్చింది. "మూడున్నర" అని దిద్దింది.

మార్చిలో ఎండలు ముదిరాయి. గాజులు వదులయ్యాయి. కోటుకు కింది బొత్తాం కూడా పట్టింది. కొత్తగా కట్టిన మూడో అంతస్తు మెట్లు రోజుకోసారి ఎక్కి దిగి, మధ్యలో ఎన్నిసార్లు ఆగుతోందో ఎవరికీ చెప్పకుండా తనలో తనే లెక్క చూసుకునేది. మొదట్లో అయిదుసార్లు ఆగేది. ఇప్పుడు ఒక్కసారి.

మార్చి ముప్పై ఒకటో తారీకు సాయంత్రం ఓపీ అయిపోయాక గర్భిణీల బరువు తూచే మెషీను దగ్గరికి అందరూ చేరారు. ల్యాబు టెక్నీషియను బెంజిమిన్ కళ్ళజోడు తుడుచుకుని అంకె చదవడానికి వంగాడు. హైమావతి చెప్పులు విడిచింది. గాజులు తీసింది. జడలోంచి క్లిప్పు కూడా తీసి బసవమ్మ చేతికిచ్చింది.

"ముక్కుపుడక కూడా తియ్యి. ఎంతో కొంత ఉంటది" అన్నది బసవమ్మ.

ఎక్కింది. అంకెలు ఊగి, ఊగి, ఆగాయి.

"డెబ్భై ఏడు పాయింటు ఎనిమిది" అన్నాడు బెంజిమిన్, తప్పు తనదైనట్టు.

కిలో ఎనిమిది వందల గ్రాములు ఎక్కువ. హైమావతి మెషీను దిగి, ఒక్కో గాజూ వేసుకుంది. అవి చేతికి ఎంత వదులుగా జారుతున్నాయో చూస్తుంటే ఆమెకు ఇంకా కష్టమనిపించింది.

"నాలుగు తగ్గావు. మంచిదే" అన్నది డాక్టర్ వాసంతి. "కానీ మాటంటే మాట. నీకు తగ్గిస్తే రేపు ఇంకొకరికి తగ్గించాలి. రేపటి నుంచి ఓపీలో కూర్చో. పైన నిఖిత చూసుకుంటుంది."

"సరేనండీ" అన్నది హైమావతి. గొంతు ఎక్కడా వణకలేదు. పేషెంట్ల ముందు వణకకుండా ఉండడం ఆమెకు అలవాటైన విద్యే.

వణికింది నిఖిత. "మేడం, చార్టు మీద సంతకం పెట్టండి."

"ఏ చార్టు?"

"ఇరవై ఒకటో నంబరు. డిశ్చార్జి చేస్తున్నారు కదా! డాక్టరు సంతకం లేకుండా ఏ చార్టూ మూయకూడదు." పది వారాల కాగితాల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది. గట్టిగానే పెట్టింది.

చూడకుండా సంతకం పెట్టే అలవాటు డాక్టరమ్మకు లేదు. కళ్ళజోడు దించుకుని మొదటి కాగితం చదివింది. పెదవి చివర నవ్వొచ్చింది. రెండోది. "అరిసెలు మూడున్నర" దగ్గర పైకే నవ్వింది. ఆ తర్వాత వేలు ఒకచోట ఆగింది. ముందు కాగితానికి వెనక్కి పోయింది. మళ్ళీ ముందుకు వచ్చింది.

"నిఖితా, ఈ డా.వా. ఏమిటి? మందా?"

బెంజిమిన్ మెషీను తుడవడం మొదలుపెట్టాడు.

"డాక్టరమ్మ వాటా" అన్నది బసవమ్మ. ఆ ఆస్పత్రిలో ఉద్యోగం పోతుందన్న భయం లేనిది ఆమెకొక్కతికే. "మీరు 'మా హైమకు పెట్టండి' అని పోతారు చూడండి, అది."

డాక్టర్ వాసంతి మొదటి నుంచీ లెక్కపెట్టింది. పెదవులు కదులుతున్నాయి. చివరికి వచ్చాక పెన్ను కింద పెట్టింది. "ముప్పై ఏడు."

"ల్యాబు తక్కెట్లో ఒక లడ్డూ తూచానండీ ఒకసారి" అన్నాడు బెంజిమిన్, ఎవరూ అడగకపోయినా. "యాభై గ్రాములు."

డాక్టరమ్మ బల్ల మీద వేలితో గుణించింది. రెండుసార్లు గుణించినా అదే వచ్చింది. కిలో ఎనిమిది వందల యాభై.

"తిన్న లడ్డూ బరువు తిన్నట్టే ఒంటికి పట్టదు. ఆ సంగతి నాకూ తెలుసు, నీకూ తెలుసు" అన్నది హైమావతితో.

"తెలుసండీ."

"నేను తీపి తినను. అదీ తెలుసు."

"పంతొమ్మిదేళ్ళుగా తెలుసండీ."

"మరి ఒక్కరోజన్నా నాతో చెప్పొచ్చుగా? నా వాటా నీ మీద పడుతోందని?"

"చెబుదామని నోరు తెరిస్తే అందులో ముక్క పెట్టేవాళ్ళండీ."

బసవమ్మ ముందు నవ్వింది. ఆ తర్వాత బెంజిమిన్. డాక్టర్ వాసంతి నవ్వు ఆపుకోబోయి కళ్ళజోడు తీసేసింది. తుడుచుకుని మళ్ళీ పెట్టుకునేసరికి ముఖం డాక్టరు ముఖమైంది.

"తప్పు నా చేతి కింద జరిగింది. నా లెక్క నేను తీసేసుకుంటున్నా. రేపు పైకి రా. కానీ రెండు నెలల్లో డెబ్భై రెండు. ఈసారి సాకు ఉండదు."

"డా.వా. ఉండదా మేడం?" అన్నది నిఖిత.

"ఉండదు" అని డాక్టరమ్మ సంతకం గీసింది. ఆ మాట ఎంత దూరం పోతుందో గీసేటప్పుడు ఆమె ఆలోచించలేదు.

ఏప్రిల్ ఒకటిన మూడో అంతస్తులో మొదటి కాన్పు పది గంటలకు. ఎడ్లపాడు వాళ్ళు. ఆ ఇంటికి తొమ్మిదేళ్ళ తర్వాత పుట్టిన బిడ్డ. తల కనబడింది, అందరూ ఊపిరి బిగబట్టారు, హైమావతి చేతుల్లోకి జారిన బిడ్డ కొత్త గోడలు అదిరేలా ఏడ్చింది. పావుగంట కాకుండానే అమ్మమ్మ డబ్బా మూత తీసి గుమ్మంలో నిలబడింది. మినప సున్నుండలు, ఒక్కొక్కటి నిమ్మకాయంత.

హైమావతికి చిటికెడు పెట్టింది. చెయ్యి డాక్టరమ్మ వైపు తిరిగింది.

"నాది మా..." అని అలవాటుగా మొదలుపెట్టి డాక్టర్ వాసంతి ఆగిపోయింది. నిఖిత చేతిలో పెన్ను పట్టుకుని ఆసక్తిగా చూస్తోంది. గుమ్మం నిండా జనం. హైమావతి తలవంచుకుని చేతి తొడుగులు విప్పుకుంటోంది, ఏమీ పట్టనట్టు.

"చిటికెడు పెట్టండమ్మా" అన్నది డాక్టరమ్మ.

"చిటికెడా? తొమ్మిదేళ్ళకి బిడ్డనిచ్చిన తల్లికి చిటికెడా? నోరు తెరువు."

తెరిచింది. సున్నుండ మొత్తం లోపలికి పోయింది. బుగ్గలు రెండూ ఉబ్బాయి, కళ్ళు మూసుకున్నాయి. నమిలే కొద్దీ నుదుటి మీద ముడత విప్పుకుంది.

"చానా ఏళ్ళయినట్టుంది తిని" అన్నది అమ్మమ్మ జాలిగా. "ఇంకోటి పెట్టేదా తల్లీ?"

డాక్టర్ వాసంతి చేత్తో వద్దని సైగ చేసింది. నోట్లోంచి మాట రాలేదు. వద్దని ఊపిన చెయ్యి అంత గట్టిగా ఊగలేదని నిఖిత తర్వాత అందరికీ చెప్పింది.

లోపల రెండో బల్ల మీదున్న అమ్మాయి "సిస్టరమ్మా" అని కేకపెట్టింది. హైమావతి కొత్త తొడుగులు లాక్కుంటూ లోపలికి పరిగెత్తింది.